ఇన్‌చార్జి సారు ఇంటికి పోతే మనకు ఉద్యోగం వస్తదా?



కొంచెం పొడుగు పోస్టు. ఓపిక ఉన్నప్పుడే చదవండి. సగం చదివి కామెంట్ పెట్టకండి, అది ఒక్కటే రిక్వెస్టు.

ఈ మధ్య మనోళ్లలో ఒక మాట బాగా తిరుగుతోంది. "ముసలోళ్లు కుర్చీలు పట్టుకొని కూర్చున్నరు. ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఇన్‌చార్జి హెచ్‌ఎంలు, ఇన్‌చార్జి ప్రిన్సిపాళ్లు రిటైరైతేనే మనకు పోస్టులొస్తయి. వాళ్ల జీతం, వాళ్ల పెన్షన్ గురించి మనమెందుకు మాట్లాడాలి?" అని. బీఈడీ చేసి నాలుగైదేళ్లుగా కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్న తమ్ముడి నోట్లోంచి ఈ మాట వస్తే కోపం రాదు, బాధ వేస్తుంది. ఆకలిగా ఉన్నోడు పక్క కంచంలోకే చూస్తాడు. వడ్డించేవాడు వంటింట్లో కూర్చొని ఈ తమాషా చూస్తుంటాడు. ఆ వడ్డించేవాడి గురించే నా గొడవంతా.

ముందు ఇన్‌చార్జి అంటే ఏందో తెలుసుకుందాం. ఒక స్కూల్లో ప్రిన్సిపాల్ పోస్టు ఖాళీ అయింది. ప్రభుత్వం దాన్ని పదోన్నతితోనైనా, నేరుగా నోటిఫికేషన్ ఇచ్చైనా నింపాలి. రెండూ చేయదు. ఆ స్కూల్లోనే ఉన్న ఒక సీనియర్ టీచర్‌ని పిలిచి ఒక పేజీ ప్రొసీడింగ్స్ చేతిలో పెడుతుంది: "తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు బాధ్యతలు చూడవలెను." ఆ తదుపరి ఉత్తర్వులు ఆరు నెలలకు రావు, ఆరేళ్లకూ రావు. ఆ టీచర్ తన పీరియడ్లు తను చెప్పుకోవాలి. దాని పైన హాజరు పట్టికలు, జీతాల బిల్లులు, క్యాష్ బుక్, జీసీసీ నుంచి వచ్చిన బియ్యం, పప్పు, నూనె లెక్కలు, రాత్రి పూట జ్వరమొచ్చిన పిల్లని పీహెచ్‌సీకి తీసుకెళ్లడం, పీవో గారి మీటింగు, ఆన్‌లైన్ ఎంట్రీలు. జీతం మాత్రం టీచర్ జీతమే.

ఇప్పుడు లెక్క చూడండి. ప్రిన్సిపాల్ పోస్టు ఖాళీగా ఉంది కాబట్టి ఆ జీతం ప్రభుత్వానికి మిగిలింది. పని మాత్రం ఆగలేదు. అంటే ప్రభుత్వం ఒక జీతంతో ఇద్దరి పని చేయించుకుంటోంది. ఆ మిగిలిన జీతం ఎవరిది? సగం ఆ సారుది, సగం మనది. సారుది ఎందుకో కింద చెప్తా. మనది ఎందుకో ముందు చెప్తా, ఎందుకంటే మనకు అదే కదా కావాల్సింది.

స్కూల్ పోస్టులు గొలుసులాంటివి. ఒక హెచ్‌ఎం పోస్టుని పదోన్నతితో నింపితే స్కూల్ అసిస్టెంట్ పోస్టు ఒకటి ఖాళీ అవుతుంది. స్కూల్ అసిస్టెంట్ పోస్టుల్లో 70 శాతం పదోన్నతికి, 30 శాతం నేరుగా నియామకానికి. పదోన్నతితో నింపితే కింద ఎస్‌జీటీ పోస్టు ఖాళీ. అది ఎటు పోతుంది? డీఎస్సీకి. గురుకులంలో కూడా కథ ఇదే. పైన ప్రిన్సిపాల్ కదిలితే పీజీటీ కదులుతాడు, పీజీటీ కదిలితే టీజీటీ కదులుతాడు. పైన ఒక్క కొక్కెం బిగుసుకుపోతే కింద గొలుసంతా ఆగిపోతుంది. ఇన్‌చార్జి అంటే ఆ బిగుసుకుపోయిన కొక్కెం. సారు రిటైరైతే ఆయన సొంత టీచర్ పోస్టు ఖాళీ అవుతుంది, నిజమే. కానీ పై కుర్చీ నిండదు. ఆయన తర్వాత ఇంకో టీచర్ వచ్చి అదే ప్రొసీడింగ్స్ మీద అదే కుర్చీలో కూర్చుంటాడు. మనుషులు మారతారు, ఖాళీ మారదు.

ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీ గుర్తుందా? మొత్తం పోస్టులు 16,347. అందులో ప్రిన్సిపాల్ పోస్టులు ఎన్నో తెలుసా? 52. కాబట్టి పై కుర్చీలు నోటిఫికేషన్‌తో నిండుతాయని ఎదురుచూడటం దండగ. పదోన్నతుల దారి తెరుచుకోవాల్సిందే. ఆ దారిని మూసిపెట్టిన తాళం పేరే ఇన్‌చార్జి.

ఇంకో సంగతి. మన పిల్లల్లో దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, నాకైతే ఇదే అన్నిటికంటే పెద్దది. పదోన్నతుల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ ఉంది. 1995లో 77వ రాజ్యాంగ సవరణ 16(4ఎ) తెచ్చింది. మన రాష్ట్రంలో 2003 నుంచి అన్ని కేటగిరీల పదోన్నతుల్లో అమలు చేయాలన్నారు. పదోన్నతి ఇస్తే రోస్టర్ పాయింట్ చూడాలి. ఎస్టీ పాయింట్ వస్తే ఎస్టీకే ఇవ్వాలి. మరి ఇన్‌చార్జికి రోస్టర్ ఉందా? లేదు. ఇన్‌చార్జి పదోన్నతి కాదు కదా! ఎవరికి ఇష్టమైతే వాళ్లకు ఇవ్వొచ్చు, ఎప్పుడు ఇష్టమైతే అప్పుడు తీసేయొచ్చు. ఒక్క కాగితంతో రాజ్యాంగం ఇచ్చిన రిజర్వేషన్‌ని పక్కకు నెట్టేశారు, మనం చప్పుడు చేయలేదు. నోటిఫికేషన్‌లో ఒక బ్యాక్‌లాగ్ పోస్టు తగ్గితే ఐటీడీఏ ముందు ధర్నా చేస్తాం. ఇన్‌చార్జి కింద ఎన్ని ఎస్టీ రోస్టర్ పాయింట్లు ఏళ్ల తరబడి నిద్రపోతున్నాయో ఎవరూ అడగరు.

సరే, ఇంతకీ ఈ రిటైరయ్యే సార్లు, మేడంలు ఎవరు? ఒకసారి ఆలోచించండి. 1986లో జీవో 275 వచ్చింది. 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. షెడ్యూల్డ్ ఏరియాలో టీచర్ పోస్టులు స్థానిక ఎస్టీలకే అన్నారు. ఆ రోజుల్లో మన గూడేల నుంచి, పెంటల నుంచి, తండాల నుంచి మొదటిసారి చాక్‌పీస్ పట్టినవాళ్లు వీళ్లే. 1989లో పాతికేళ్ల వయసులో చేరిన మనిషికి 2025కి 61 ఏళ్లు. భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు, పాడేరు, రంపచోడవరం, సీతంపేట, ఏ ఐటీడీఏ తీసుకున్నా ఆ తరం ఇప్పుడు ఇంటి దారి పడుతోంది. వాగు దాటి, సైకిల్ మోసుకొని స్కూలుకు పోయిన తరం. మనలో చాలామందికి ఓనమాలు పెట్టింది, మన భాషలో తిట్టి మన భాషలోనే బుజ్జగించింది వాళ్లే.

వాళ్లు ఖాళీ చేసే పోస్టు మన ఊరి పిల్లకే వస్తుందా? ఆ గ్యారంటీ 2020 ఏప్రిల్ 22న పోయింది. ఆ రోజు సుప్రీంకోర్టు జీవో 3ని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు పోలేదు గానీ ముందు ముందు నూటికి నూరు శాతం అనేది లేదు. కాబట్టి "వాళ్లు పోతే మనకు" అని లెక్క వేసే తమ్ముడూ, నీ లెక్క 2020 ముందుది. ఇప్పుడు ఒక ఆదివాసీ హెచ్‌ఎం రిటైరైతే ఆ కుర్చీలోకి ఇంకో ఆదివాసీ రావాలంటే పదోన్నతి, రోస్టర్ అనే రెండు మెట్లే దిక్కు. ఆ మెట్లు ఎక్కకుండా ఇన్‌చార్జి అనే పలక అడ్డం పెట్టారు. మనం ఆ పలకని తన్నడం మానేసి దాని మీద నిలబెట్టిన మనిషిని తంతున్నాం.

రిటైర్మెంట్ వయసు పెంచడం మీద మీ కోపం అర్థం చేసుకోగలను. ఆంధ్రలో 2014లో 58 నుంచి 60 చేశారు, 2022 జనవరి నుంచి 62 చేశారు. తెలంగాణలో 2021 మార్చిలో 58 నుంచి 61 చేశారు. అక్కడ రెండేళ్లు, ఇక్కడ మూడేళ్లు రిటైర్మెంట్లు దాదాపు ఆగిపోయినయి, ఖాళీలు రాలేదు. ఒకేసారి అంతమందికి గ్రాట్యుటీ, కమ్యుటేషన్ ఇవ్వలేక వాయిదా వేశారని నా అభిప్రాయం. యువత పొట్ట కొట్టారు, ఒప్పుకుంటా. కానీ వయసు పెంచమని ఆ ఇన్‌చార్జి మేడం సంతకం పెట్టలేదు. వయసు తగ్గిస్తే ఏమవుతుందో కూడా మన రాష్ట్రం చూసింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం 58ని 55 చేసింది. ఉద్యోగులు రోడ్డెక్కారు, కోర్టులకెక్కారు. మళ్లీ 58కే వచ్చారు. ఆ మధ్యలో ఇంటికి పంపినవాళ్ల సంగతి 1985లో సుప్రీంకోర్టు తేల్చాల్సి వచ్చింది. వయసు అటు జరిపినా ఇటు జరిపినా నింపాల్సిన పోస్టు నింపకపోతే నిరుద్యోగి చేతికి వచ్చేది ఏమీ లేదు.

ఇప్పుడు సారు వాటా సంగతి.

ఫండమెంటల్ రూల్ 49 అని ఒకటి ఉంది. ఒక ఉద్యోగికి తన పోస్టుతో పాటు ఇంకో పోస్టు పూర్తి అదనపు బాధ్యత ఇస్తే అదనపు అలవెన్స్ ఇవ్వాలి. మొదటి మూడు నెలలు జీతంలో ఐదో వంతు వరకు, తర్వాత మూడు నెలలు పదో వంతు వరకు. ఆరు నెలలు దాటితే సున్నా. రూల్ రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే: అదనపు బాధ్యత ఆరు నెలలు మించకూడదు, ఈలోపు పోస్టు నింపాలి. మన ఆఫీసులు దాన్ని తిరగేసి చదివాయి: ఆరు నెలలు దాటితే డబ్బులు ఇవ్వక్కర్లేదు, కాబట్టి ఎంతకాలమైనా నడిపించొచ్చు! ఆ ఆరు నెలలదైనా చాలామందికి రాదు. ఎందుకు రాదంటే, ఆర్డర్ ఇచ్చిన అధికారికి ఆ పోస్టులో నియమించే అధికారం ఉండాలి. ప్రొసీడింగ్స్ ఇచ్చేది స్థానిక ఆఫీసు. బిల్లు పెడితే "కాంపిటెంట్ అథారిటీ ఉత్తర్వు కాదు" అని వెనక్కొస్తుంది. పని చేయించుకునేటప్పుడు అథారిటీ ఉంది, డబ్బులిచ్చేటప్పుడు మాయమైంది.

ఇది నెల జీతంతో ఆగేది కాదు. రిటైర్మెంట్ దగ్గరపడ్డ మనిషికి చివరి జీతమే ప్రాణం. పాత పెన్షన్‌లో ఉన్నవాళ్లకు చివరి బేసిక్‌లో సగం పెన్షన్. గ్రాట్యుటీ దాని మీదే, 300 రోజుల సంపాదిత సెలవు నగదు దాని మీదే, కమ్యుటేషన్ దాని మీదే, ఆయన పోయాక ఇంటావిడకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ దాని మీదే. ఉదాహరణకు రెగ్యులర్ హెచ్‌ఎం అయ్యుంటే బేసిక్ 4,000 ఎక్కువ ఉండేది అనుకోండి. పెన్షన్‌లో నెలకు 2,000 తేడా. ఇరవై ఏళ్లు బతికితే 4 లక్షల 80 వేలు, కరువు భృతి కలపకుండానే. సెలవు నగదులో ఇంకో 40 వేలు. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరి సీపీఎస్‌లో పడ్డవాళ్లకు ఈ సగం లెక్క కూడా లేదు. వాళ్ల వాటా పది శాతం, ప్రభుత్వం వాటా జమ అయ్యేదే ఆ తక్కువ జీతం మీద. ఇన్‌చార్జిగా పదేళ్లు చేసినా ఆ సర్వీసు పై పోస్టు సీనియారిటీలో లెక్కకు రాదు. సర్వీస్ రిజిస్టర్‌లో ఒక ఎర్ర సిరా లైను, అంతే.

కోర్టులు ఏమన్నాయి? రెండు వైపులా చెప్తా, ఎందుకంటే మనం ఒక వైపే చెప్పి ఆఫీసుకు పోతే వాళ్లు రెండో వైపు తీసి మన మొహం మీద కొడతారు.

హర్యానాలో పి. గ్రోవర్ అనే ఆమెకు యాక్టింగ్ జిల్లా విద్యాధికారిగా పదోన్నతి ఇచ్చి, జీతం మాత్రం పాత స్కేలే అన్నారు. 1983లో సుప్రీంకోర్టు, అట్లా కుదరదు, ఆ పోస్టు జీతం ఇవ్వాల్సిందే అంది. అండమాన్‌లో సెల్వరాజ్ అనే ప్రైమరీ స్కూల్ టీచర్‌తో స్కౌట్స్ సెక్రటరీ పని చేయించారు. 1998లో సుప్రీంకోర్టు, చేసిన పనికి ఆ పోస్టు జీతం తేడా ఇవ్వండి, అది పదోన్నతి కాకపోయినా సరే అంది. ఇవి మన వైపు. అటు వైపు రమాకాంత్ శ్రీపాద్ సినాయ్ అద్వల్పల్కర్ కేసు. గోవా ఉద్యోగి. ఇన్‌చార్జి బాధ్యత పదోన్నతి కాదు, దానికి రూల్స్ ప్రకారం ఛార్జ్ అలవెన్సే గానీ పై పోస్టు జీతం రాదని అందులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆఫీసుల్లో కౌంటర్ అఫిడవిట్ రాసేవాళ్లకు ఈ కేసు నోటికి వచ్చు.

కాబట్టి అంతా ఆర్డర్ కాగితంలో ఉన్న మాటల మీద ఆధారపడుతుంది. "పదోన్నతిపై తాత్కాలికంగా" అని ఉందా, "పూర్తి అదనపు బాధ్యత" అని ఉందా, "ఇన్‌చార్జిగా చూసుకోవలెను" అని ఉందా? మీ నాన్నో, మీ అమ్మో, మీ బాబాయో ఇన్‌చార్జిలో ఉంటే ఈ రాత్రే ఆ కాగితం తీయించి చదవండి. ఆర్డర్ లేకుండా నోటిమాట మీద నడిపిస్తున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల పరిస్థితి మరీ ఘోరం. రేపు ఏమీ నిరూపించలేరు, తప్పు జరిగితే మాత్రం ఇరుక్కుంటారు.

ఆ ఇరుక్కోవడం గురించి చెప్పాలి. నాకు తెలిసిన ఒక మేడం ఉంది. ఊరు, స్కూలు చెప్పను. లెక్కల టీచర్, ఆరేళ్లు ఇన్‌చార్జి హెచ్‌ఎం. ఛార్జ్ తీసుకున్న రోజు స్టోర్ రూమ్‌లో బస్తాలు లెక్కపెట్టి సంతకం పెట్టమంటే, "ముందు పెట్టండి మేడం, తర్వాత చూసుకుందాం" అన్నారు. పెట్టింది. ఆమె ముందున్నాయన కూడా ఇన్‌చార్జే, ఆయనా అట్లనే పెట్టాడట. డైట్ బిల్లులు నెలల తరబడి రాకపోతే కూరగాయల కొట్టులో అప్పు ఆమె పేరు మీదే. పిల్లలకు పస్తు పెట్టలేదు. రిటైరయ్యే ఏడాది ఆడిట్ వచ్చింది. బియ్యం తగ్గాయి, పాత మంచాలు కనపడట్లేదు, ఎప్పటిదో వోచర్ లేదు. నో డ్యూస్ ఇవ్వలేదు. పెన్షన్ పేపర్లు టేబుల్ మీదే ఉన్నాయి. ఎన్నో ఏళ్లు మన పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి, తన లెక్క తేల్చమని ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. గేటు దగ్గర ఆమెను గుర్తుపట్టి నమస్తే పెట్టిన జూనియర్ అసిస్టెంట్ ఆమె స్టూడెంటే. అతనూ ఏం చేయలేకపోయాడు.

ఇక్కడ చట్టం అంత గుడ్డిగా లేదు, చెప్పేవాళ్లు లేరు గానీ. 1980 పెన్షన్ రూల్స్‌లో రూల్ 9 ప్రకారం పెన్షన్ ఆపాలన్నా, కోత పెట్టాలన్నా విచారణ జరగాలి. రిటైరైన తర్వాత కొత్తగా విచారణ మొదలుపెట్టాలంటే అది నాలుగేళ్ల లోపు జరిగిన విషయమై ఉండాలి. విచారణ నడుస్తున్నా రూల్ 52 కింద తాత్కాలిక పెన్షన్ ఇవ్వాలి. ఛార్జ్ మెమోనే ఇవ్వకుండా "ఆడిట్ అభ్యంతరం ఉంది" అని నోటితో చెప్పి ఆపడానికి లేదు. పెన్షన్ ఆస్తి లాంటిది, చట్టబద్ధమైన అధికారం లేకుండా తీసుకోలేరని జార్ఖండ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకోటి, 2014 డిసెంబర్‌లో పంజాబ్ రఫీక్ మసీహ్ కేసు. ఆఫీసు పొరపాటున ఎక్కువ జీతం ఇచ్చి తర్వాత రికవరీ పెడితే, రిటైరైనవాళ్ల నుంచి, ఏడాదిలోపు రిటైరయ్యేవాళ్ల నుంచి వసూలు చేయకూడదన్నారు. పై పోస్టు పని చేయించుకొని దానికి జీతం ఇచ్చి, తర్వాత "నువ్వు ఆ పోస్టుకు అర్హుడివి కాదు" అని వెనక్కి లాగకూడదని కూడా అందులోనే ఉంది. స్టాక్ తగ్గుదలకు ఇది వర్తించదు, కలిపేసుకోకండి. అలవెన్స్ ఇచ్చి మళ్లీ గుంజుకునే చోట మాత్రం ఇదే ఆయుధం.

పుట్టిన తేదీ సంగతి కూడా ఉంది. మన పెద్దోళ్లకు నిజమైన పుట్టినరోజు ఎవరికి తెలుసు? ఇప్పపూలు రాలే కాలంలో పుట్టాడు, వాగు పొంగిన ఏడాది పుట్టింది, అంతే. స్కూల్లో చేర్చిన సారు జూలై 1 అనో, జూన్ 1 అనో రాశాడు. సర్వీసులో చేరాక పుట్టిన తేదీ మార్చడానికి 1984 రూల్స్ ఒప్పుకోవు. జూలై 1న పుట్టినట్టు రాసి ఉంటే జూన్ 30న రిటైర్. బడులు తెరిచి మూడు వారాలు కాకముందే స్కూలుకు ఉన్న ఒక్క ఇన్‌చార్జి కూడా పోతాడు. ఏడాది సర్వీసు పూర్తిచేసి ఇంక్రిమెంట్ తేదీకి ఒక రోజు ముందు రిటైరైతే ఆ ఇంక్రిమెంట్ కూడా పోయేది. 2023 ఏప్రిల్‌లో కర్ణాటక విద్యుత్ ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు, సంపాదించుకున్న ఇంక్రిమెంట్ ఇవ్వాల్సిందే అంది. ఇంట్లో ఎవరైనా అట్లా రిటైరై ఉంటే ఫైలు తీయండి.

పిల్లల సంగతికి వస్తా. 2024లో వాంకిడి గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో ఫుడ్ పాయిజన్ అయ్యి ఒక చెల్లి నిమ్స్‌లో వారాల తరబడి పోరాడి చనిపోయింది. మనం రోడ్డెక్కాం, ఎక్కాల్సిందే. నేను ఆ ఒక్క స్కూల్ గురించి తీర్పు చెప్పట్లేదు. కానీ ఎక్కడ ఇట్లాంటిది జరిగినా మొదటి వేటు ఎవరి మీద పడుతుందో మీకు తెలుసు. మొదటి సస్పెన్షన్ స్కూల్ స్థాయిలోనే. నీళ్ల ట్యాంకు బాగు చేయమని రాసిన లెటర్లు ఎవరి టేబుల్ మీద ఆగాయో అడిగేవాళ్లుండరు. ఇన్‌చార్జి అయితే ఇంకా సులువు. ఒక్క ఫోన్‌తో వచ్చిన కుర్చీ కాబట్టి ఒక్క ఫోన్‌తో పోతుంది. అట్లాంటి మనిషి పుచ్చిపోయిన కందిపప్పు వచ్చినప్పుడు కాంట్రాక్టర్‌ని "తీసుకుపో" అనగలడా? అంటే రేపు కుర్చీ పోతుంది, ఎల్లుండి పెన్షన్ ఫైలుకు కొర్రీ పడుతుంది. రిటైర్మెంట్‌కు పది నెలలున్న మనిషి నోరు మూసుకుంటాడు. ఆ నోరు మూసుకోవడం మన చెల్లెళ్ల కంచంలోకి వస్తుంది. వాళ్ల ఉద్యోగ హక్కుకి, మన పిల్లల అన్నానికి ఇంత దగ్గరి చుట్టరికం ఉంది.

"ఇన్‌చార్జిలు తినలేదా? కమీషన్లు తీసుకోలేదా?" అంటారు. తిన్నవాళ్లున్నారు. నేను వాళ్లకు సర్టిఫికెట్ ఇవ్వడానికి రాలేదు. కుర్చీ కోసం ఎమ్మెల్యే ఇంటి చుట్టూ తిరిగి, సీనియర్‌ని తోసేసి ఇన్‌చార్జి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. అయితే అది కూడా ఈ పద్ధతి పుణ్యమే. పోస్టు సీనియారిటీతో, రోస్టర్‌తో నిండితే ఎమ్మెల్యే ఇంటికి పోవాల్సిన పనేముంది? దొంగను పట్టుకోండి, ఛార్జ్ మెమో ఇవ్వండి, విచారణ చేయండి. దొంగ పేరు చెప్పి అందరి జీతం ఎగ్గొట్టడం ఏం న్యాయం?

గురుకుల సొసైటీల్లో పనిచేసేవాళ్ల పరిస్థితి వేరు. ప్రభుత్వ ఉద్యోగులకు వయసు పెంచిన చట్టం సొసైటీలకు, కార్పొరేషన్లకు తనంతట తానే అంటుకోదు, విడిగా ఉత్తర్వు కావాలి. అందుకే ఒకే ఊళ్లో ఆశ్రమ పాఠశాల సారు ఒక వయసుకి, గురుకులం సారు ఇంకో వయసుకి ఇంటికి పోయే పరిస్థితి వస్తుంది. ఇంక సీఆర్టీలు, ఔట్‌సోర్సింగ్ వాళ్లు. పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు చేసినా రిటైర్మెంట్ రోజు శాలువా కప్పి పంపుతారు, జేబులోకి ఏమీ రాదు. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకు కూడా వర్తిస్తుందని 2016లో జగ్‌జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినా అంతే. దాని మీద విడిగా ఒక పోస్టే రాయాలి.

మరి ఏం అడగాలి? నా మటుకు నాలుగు మాటలు. ఆరు నెలలు దాటి ఏ స్కూలూ ఇన్‌చార్జిలో ఉండకూడదు. సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఉండే ప్యానెల్ ఇయర్‌కు, ఆ ఏడాది రిటైరయ్యేవాళ్లను ముందే లెక్కేసి, రోస్టర్‌తో పదోన్నతుల ప్యానెల్ వేయాలి. ఇప్పటికే ఏళ్లుగా చేసినవాళ్లకు, చేసినంత కాలానికి జీతం తేడా ఇచ్చి, అర్హత ఉన్నవాళ్లకు రిటైర్మెంట్ లోపు పదోన్నతి ఇచ్చి ఆ జీతం మీద పెన్షన్ కట్టాలి. ఛార్జ్ అప్పగించేటప్పుడు ఆఫీసు నుంచి ఒక మనిషి వచ్చి స్టాక్ లెక్కపెట్టి సంతకం చేయాలి, ఆ తర్వాతే కొత్త మనిషి బాధ్యత. ఇందులో గొంతెమ్మ కోరిక ఒక్కటి చూపించండి.

వాళ్లే అడగొచ్చు కదా అంటారా? 1964 కండక్ట్ రూల్స్ వాళ్ల చేతులు కట్టేశాయి. యూనియన్లు పెద్ద మీటింగుల్లో పీఆర్‌సీ, డీఏ మాట్లాడినంత గట్టిగా ఏజెన్సీ ఇన్‌చార్జిల గురించి మాట్లాడవు. అందులోనూ రిటైర్మెంట్ ముందున్న మనిషికి భయం ఎక్కువ. తెలంగాణలో 2024 తర్వాత రిటైరైనవాళ్లు బకాయిల కోసం ఎట్లా తిరుగుతున్నారో కళ్ల ముందే చూస్తున్నాడాయె. మనకు ఆ భయం లేదు. మన ఫైలు ఎవరి టేబుల్ మీదా లేదు.

పని చాలా చిన్నది. ఒక్కో ఐటీడీఏకి ఇద్దరు చొప్పున పేర్లు ఇవ్వండి. సమాచార హక్కు దరఖాస్తు తెల్ల కాగితం మీద చాలు, ఫీజు పది రూపాయలు, తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు అదీ లేదు. అడగాల్సినవి ఇవి: మీ పరిధిలో ఎన్ని ఆశ్రమ పాఠశాలల్లో రెగ్యులర్ హెచ్‌ఎం లేరు, ఆ పోస్టు ఏ తేదీ నుంచి ఖాళీ, ఇన్‌చార్జి ఉత్తర్వు కాపీ, ఇప్పటిదాకా ఇచ్చిన అదనపు బాధ్యత అలవెన్స్ ఎంత, ఆ ఖాళీ రోస్టర్‌లో ఎవరి పాయింట్, వచ్చే రెండేళ్లలో రిటైరయ్యే ఇన్‌చార్జిలు ఎందరు. పేర్లు అడగకండి, సంఖ్యలు, తేదీలు చాలు. పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపుతారు. గురుకులాలకు సొసైటీ ఆఫీసుకి విడిగా పెట్టాలి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. అన్ని ఐటీడీఏల కాగితాలు చేతికొచ్చాక ఒకటే పట్టిక చేసి కమిషనర్‌కి, 338ఎ కింద ఉన్న జాతీయ ఎస్టీ కమిషన్‌కి పంపుదాం.

భద్రాచలం నుంచి నేను పెడుతున్నా. ఉట్నూరు, ఏటూరునాగారం, పాడేరు, రంపచోడవరం, సీతంపేట, పార్వతీపురం, కేఆర్ పురం, శ్రీశైలం వాళ్లు కింద పేరు రాయండి. ఆర్డర్ కాపీలు ఎవరి దగ్గరైనా ఉంటే గ్రూపులో పెట్టకండి, సారు పేరు బయటపడుతుంది. నాకు విడిగా పంపండి.